పాత పెట్టెకి పెద్ద ఫైలు పడుతుందా?

"ఇంత పెద్ద ఫైలు నా పాత డబ్బాకి పడుతుందేటి బాబూ?"

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఉంటున్న ఒక రిటైర్డు మాస్టారు నన్నడిగిన ప్రశ్న ఇది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఆయనకొక పెన్‌డ్రైవ్ పంపాడు. అందులో పదిహేను నిమిషాల వీణ కచేరీ ఒక్కటే ఒక గిగాబైటుంది. పేరు పక్కన 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని రాసి ఉంది. మాస్టారి దగ్గరున్నది ఇరవై ఏళ్ల నాటి డాక్. డాక్ అంటే కంప్యూటరు పంపే అంకెల్ని విద్యుత్ తరంగంగా మార్చి యాంప్లిఫయరుకిచ్చే చిన్న పెట్టె. మనం దాన్ని 'అంకెల్ని పాటగా మార్చే పెట్టె' అనుకోవచ్చు. ఆయన పెట్టె అడుగున 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ అని అచ్చేసి ఉంది. అంతకు మించి అది తీసుకోదు.

మాస్టారు ఒక ప్లేయర్‌లో నొక్కితే ఈ ఫార్మాట్ చెల్లదని వచ్చింది. ఇంకో ప్లేయర్‌లో నొక్కితే వీణ హాయిగా మోగింది. ఆయన అనుమానం అక్కడ మొదలైంది. పట్టదన్న పెట్టెలోంచే పాటెలా వచ్చింది? వచ్చింది మొత్తం పాటేనా, లేక మధ్యలో ఎవరైనా కొంత కోసేశారా?

చాలా మంచి అనుమానం. దీనికి జవాబు చెప్పాలంటే ముందు సముద్రం ఒడ్డుకి వెళ్లాలి.

బారువ ఒడ్డున ఒక కొయ్య

బారువ తీరంలో నీళ్లలో ఒక కొయ్య పాతి, దాని మీద గీతలు గీశామనుకోండి. రోజూ పొద్దున్న ఆరింటికి వెళ్లి, నీళ్లు ఏ గీత దాకా వచ్చాయో పుస్తకంలో రాస్తాం. నెల తిరిగాక పుస్తకం తెరిస్తే సముద్రం నెమ్మదిగా పెరిగి, నెమ్మదిగా తగ్గి, పదిహేను రోజులకొకసారి ఊపిరి తీస్తున్నట్టు కనిపిస్తుంది.

మన మత్స్యకారులెవరికి చూపించినా ఇది తప్పని ఒక్క చూపులో చెప్పేస్తారు. మన తీరంలో పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది. ఒక పోటుకి మరో పోటుకి మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. మనం రోజుకొక్కసారే చూస్తున్నాం కాబట్టి, పోటు రోజూ యాభై నిమిషాల చొప్పున వెనక్కి జరగడమే మన పుస్తకంలోకెక్కింది. సముద్రంలో లేని అల కాగితం మీద పుట్టింది. ధ్వని శాస్త్రంలో దీన్ని ఏలియాసింగ్ అంటారు. నేను దొంగ అల అంటాను. ఈ మాట గుర్తుంచుకోండి, మాస్టారి కంప్యూటరులో మళ్లీ ఎదురవుతుంది.

మరి ఎన్నిసార్లు చూస్తే సరిపోతుంది? ఒక పోటు తిరిగి వచ్చే లోపల రెండుసార్ల కంటే ఎక్కువ చూడాలి. అంటే ఆరు గంటలకొకసారైనా వెళ్లాలి. అమెరికాలో టెలిఫోను తీగల మీద పనిచేసిన హారీ నైక్విస్ట్ 1928లో ఈ సూత్రానికి పునాది వేశాడు. 1949లో క్లాడ్ షానన్ దానికి పూర్తి రూపమిచ్చాడు. వాళ్లు చెప్పినదాంట్లో చాలామంది నమ్మలేని సంగతి ఒకటుంది. అలల్లో అతి వేగమైనది ఏదో తెలిసి, దాని వేగానికి రెండు రెట్లకు పైగా కొలతలు తీస్తే, ఆ కొలతల నుంచి అసలు అలను తిరిగి గీయవచ్చు. సుమారుగా కాదు, ఉన్నదున్నట్టు. కొలతల మధ్య ఖాళీల్లో ఏమీ పోదు. ఎందుకంటే ఆ చుక్కలన్నిటి గుండా సాగుతూ, అంతకన్నా వేగంగా మెలికలు తిరగని గీత ఒక్కటే ఉంటుంది.

డిజిటల్ పాట మెట్లు మెట్లుగా ఉంటుందని, నమూనాలు పెంచితే మెట్లు నునుపవుతాయని బొమ్మలేసి చూపిస్తుంటారు. ఆ బొమ్మలు తప్పు. డాక్ నుంచి బయటికొచ్చేది మెట్లు కాదు, నున్నటి అలే. ఆ నునుపు చేసే పని డాక్ చివర ఉండే వడపోతది.

మనిషి చెవి వినగలిగే అతి సన్నని స్వరం సెకనుకి దాదాపు 20,000 కంపనాలది. వయసు పెరిగేకొద్దీ ఆ పైమెట్టు దిగుతూ వస్తుంది. అందుకే 1982లో జపాన్‌లో మొదటి సీడీ ప్లేయరు అమ్మకానికొచ్చినప్పుడు సెకనుకి 44,100 నమూనాలు చాలన్నారు. ఈ వింత అంకె ఎక్కడిదంటే, ఆ రోజుల్లో అంకెల ధ్వనిని వీడియో టేపు మీద దాచేవారు. సెకనుకి 60 వీడియో ఫీల్డులు, ఒక్కో ఫీల్డులో వాడుకోగల 245 గీతలు, గీతకి 3 నమూనాలు. గుణించి చూడండి.

ఇక బారువ కొయ్య దగ్గర నిమిషానికొకసారి కొలిస్తే ఏమవుతుంది? ఆటుపోట్ల గురించి కొత్తగా ఏమీ తెలియదు. ఒడ్డుకొచ్చే చిన్నచిన్న కదలికలు కూడా పుస్తకంలోకెక్కుతాయి, పుస్తకం లావవుతుంది, అంతే. 192 కిలోహెర్ట్జ్ ఫైలులో ఉన్న అదనం అలాంటిది. పురుగుల్ని వేటాడే చిన్న గబ్బిలాల అరుపుల్ని రికార్డు చేసే శాస్త్రజ్ఞులకి ఆ వేగం నిజంగా కావాలి. మనకి ఆ అరుపులు వినపడవు.

పలాస లెక్క

పలాసలో జీడిపప్పు కొనేవాళ్లకి డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అన్న రకాలు తెలుసు. డబ్ల్యూ అంటే తెల్లని గుండుపప్పు. అంకె ఏమంటే, ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని పప్పులు తూగుతాయన్నది. 320 రకంలో పప్పు చిన్నది, 180 రకంలో పెద్దది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు పెద్ద అంకె చూసి అదే మేలిరకం అనుకుంటారు. జీడి బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లు మాత్రం ఆ అంకె ఏం కొలుస్తుందో ఎరుగుదురు.

పాటల ఫైళ్ల అంకెల్నీ ఇలాగే చదవాలి. కిలోహెర్ట్జ్ అంకె సెకనులో ఎన్నిసార్లు కొలిచారో చెబుతుంది. బిట్ అంకె ఒక్కో కొలతలో కొయ్య మీద ఎన్ని గీతలున్నాయో చెబుతుంది. 16 బిట్ అంటే 65,536 గీతలు. 24 బిట్ అంటే 1,67,77,216 గీతలు. గీతలు పెరిగితే పాట వివరంగా ఉంటుందనిపిస్తుంది కానీ, అసలు పెరిగేది అతి సన్నని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య ఎడం. 16 బిట్లలో ఆ ఎడం సుమారు 96 డెసిబెల్స్. మీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే దాని హోరే 40 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఆ హోరు పైన 96 డెసిబెల్స్ మొత్తం వినాలంటే పాటను 136 దాకా పెంచాలి. చెవి నొప్పి పుట్టే హద్దు దానికంటే కిందే ఉంది. కొయ్య మీద వెంట్రుకవాసి గీతలు గీసినా, నీళ్లు అంతకన్నా ఎక్కువగా ఊగుతుంటే ఆ గీతలతో పనేముంది?

అయితే 24 బిట్లు వృథా అని నేననడం లేదు. రికార్డు చేసేవాళ్లకి అవి ప్రాణం. దాని సంగతి చివర చెబుతాను.

నౌపడలో బండి మారడం

టెక్కలి పక్కనే నౌపడ జంక్షన్. హౌరా, చెన్నై మధ్య నడిచే పెద్ద లైను 1676 మిల్లీమీటర్ల వెడల్పు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న లైను వెడల్పు 762 మిల్లీమీటర్లు. 1931 నాటికి అది గుణుపురం దాకా సాగింది. 2004లో పెద్ద లైనుగా మార్చడానికి ఆపేసేదాకా ఆ చిన్న బండి నడిచింది. పెద్ద లైను వ్యాగను చిన్న పట్టాల మీదికెక్కదు. కొండవైపు పోవాల్సిన సరుకేదైనా నౌపడలో దింపి చిన్న బండికెత్తాల్సిందే.

మాస్టారి డాక్ చిన్న లైను బండి. కొడుకు పంపిన ఫైలు పెద్ద లైను సరుకు. వీణ మోగిందంటే నౌపడలో ఎవరో బస్తాలు దింపి ఎక్కించారన్నమాట. ఆ పని చేసింది కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టమే. మనకి చెప్పకుండానే సెకనుకి 1,92,000 నమూనాల్ని 48,000గా మార్చింది. దీన్ని రీశాంప్లింగ్ అంటారు, మనం మళ్లీ కొలవడం అందాం. ఫార్మాట్ చెల్లదన్న మొదటి ప్లేయరు ఈ మధ్యవర్తిని తప్పించి నేరుగా డాక్‌తో మాట్లాడింది. డాక్ కుదరదంది. రెండు ప్లేయర్లూ తప్పు చేయలేదు.

మళ్లీ కొలవడంలో నేర్పుంది. 96,000 నమూనాల్ని 48,000 చేయాలంటే ఒకటి విడిచి ఒకటి పారేస్తే చాలుకదా అనిపిస్తుంది. అలా చేస్తే బారువ పుస్తకంలో జరిగిందే జరుగుతుంది. రికార్డింగులో 30 కిలోహెర్ట్జ్ దగ్గర గజ్జెల మెరుపు ఉందనుకోండి. అది మనకి వినపడదు. కానీ సగం నమూనాలు పారేశాక అదే 18 కిలోహెర్ట్జ్ దగ్గర దొంగ అలగా లేస్తుంది. కుర్ర చెవులకి వినపడుతుంది కూడా. అందుకే పారేసే ముందు 24 కిలోహెర్ట్జ్‌కి పైనున్నదాన్నంతా వడగట్టాలి. మంచి ప్రోగ్రాములు ఈ పనిని చెవికి పట్టుబడనంత శుభ్రంగా చేస్తాయి. సాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము అలాంటిదే.

బిట్లు తగ్గించడంలో ఇంకో తిరకాసుంది. ఇది నాకెంతో ఇష్టమైన సంగతి. కిలోల్లో తప్ప చూపించని కాటా మీద మూడు కిలోల నాలుగు వందల గ్రాముల జీడిపిక్కలు పెట్టండి. ఎన్నిసార్లు తూచినా మూడనే చూపిస్తుంది. నాలుగు వందల గ్రాములు మాయం. ఇప్పుడు కాటా అరకిలో చొప్పున అటూ ఇటూ వణుకుతోందనుకోండి. వందసార్లు తూస్తే అరవైసార్లు మూడని, నలభైసార్లు నాలుగని పడుతుంది. సగటు తీస్తే 3.4 వచ్చేసింది! కావాలని కలిపిన ఆ చిరు వణుకే డిథర్. 24 బిట్లను 16కి తగ్గించేటప్పుడు ఇది కలిపితే, అతి సన్నని స్వరాలు గరగరలాడి తెగిపోకుండా, చాలా సన్నని హోరులో మెల్లగా కరిగిపోతాయి. వీణ తీగ మీటాక నాదం సన్నబడుతూ పోయే ఆ చివరి క్షణాల్లో దీని విలువ తెలుస్తుంది.

పాత పెట్టెలకి ఇంకొక హద్దు యూఎస్‌బీ తీగ దగ్గరుంది. పాత తరం యూఎస్‌బీలో ప్రతి మిల్లీసెకనుకీ ఒక బండి బయల్దేరుతుంది. ధ్వని కోసం ఆ బండిలో 1023 బైట్లకి మించి పట్టవు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ పాటకి, రెండు స్పీకర్లకీ కలిపి, మిల్లీసెకనుకి 576 బైట్లు కావాలి. హాయిగా పడుతుంది. 192కి 1152 బైట్లు కావాలి. పట్టదు. అందుకే ఆ కాలపు పెట్టెల్లో మంచివి కూడా 96 దగ్గర ఆగిపోయాయి. ఆ తర్వాతి యూఎస్‌బీ ఆడియో పద్ధతి ఈ హద్దు దాటింది కానీ, విండోస్ దాన్ని సొంతంగా గుర్తించడం 2017లో మొదలైంది. అంతకుముందు పెద్ద పెట్టెలకి విడిగా డ్రైవర్ కావాల్సి వచ్చేది. తయారీదారు ఆ డ్రైవర్‌ని మానేస్తే పెట్టె మూలపడేది. మాస్టారి చిన్న పెట్టెకి ఏ డ్రైవరూ అక్కర్లేదు. ఇరవై ఏళ్ల కిందట ఎలా కలిసిందో ఇవాళ కొత్త ల్యాప్‌టాప్‌తోనూ అలాగే కలుస్తుంది.

చెవి సాక్ష్యం

లెక్కలు సరే, మనుషులు విని తేడా పట్టగలరా? 2007లో అమెరికాలో మేయర్, మొరాన్ అనే ఇద్దరు ఒక పరీక్ష చేశారు. హై రిజల్యూషన్ సంగీతాన్ని ఒకసారి నేరుగా, ఒకసారి మధ్యలో సీడీ స్థాయికి కుదించి వినిపించారు. ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రైస్ అలాంటి 18 ప్రయోగాల ఫలితాల్ని కలిపి చూశాడు. పన్నెండు వేలకి పైగా ప్రయత్నాల్లో సరైన జవాబులు 52.3 శాతం. శిక్షణ పొందినవాళ్లు ఇంకాస్త బాగా చెప్పారు. అంటే తేడా బొత్తిగా లేదనడం తొందరపాటు. ఉంటే మాత్రం అది అంత చిన్నది.

రెండు ఫైళ్లలో ఒకటి చాలా బాగుందని మీకు స్పష్టంగా వినిపిస్తే, చాలావరకు కారణం వేరే ఉంటుంది. వేరే మాస్టరింగు, అంటే విడుదలకి ముందు పాటకి దిద్దే తుది మెరుగు, కావచ్చు, ఒకటి కాస్త బిగ్గరగా ఉండొచ్చు. లక్క రికార్డు నుంచో క్యాసెట్ నుంచో తీసిన పాత పాటని 192 కిలోహెర్ట్జ్ ఫైలుగా చేసి ఇచ్చినా, అందులో పైస్వరాలు ముందే లేవు. ఖాళీ జాగాకి కూడా మీరు డబ్బు కట్టినట్టవుతుంది. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో ఫైలు తెరిచి స్పెక్ట్రమ్ చూస్తే, ఏ స్వరం దాకా సంగీతం ఉందో బొమ్మలో కనపడుతుంది.

ఉప్పుగాలి

పాత డాక్‌లో నిజంగా పాతబడేవేమిటో చెప్పాలి. అంకెల్ని మార్చే చిప్ ముసలిదవదు. ఫిలిప్స్ తొలి సీడీ ప్లేయర్లలోని చిప్ 14 బిట్లదే. నమూనాల్ని నాలుగు రెట్లు చేసి, హోరుని చెవికందని పైస్వరాల్లోకి నెట్టి, దాంతోనే 16 బిట్ల పని చేయించారు. పనితనం అంకెలోనే లేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

పాతబడేవి కెపాసిటర్లు, సాకెట్లు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపలి తడి వేడికి ఎండిపోతుంది, అప్పుడు పాట వెనక బుయ్యిమనే హమ్ మొదలవుతుంది. ఇక మన తీరంలోని ఉద్దానం ప్రాంతంలో సముద్రపు గాలి సంగతి కొబ్బరితోటల ఇళ్లలో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. కిటికీ చువ్వ తినేసే గాలి సాకెట్‌ని వదులుతుందా? మాస్టారి పెట్టె వెనక ఎర్ర సాకెట్ లోపల పచ్చటి చిలుము పట్టింది. కుడి స్పీకరు అప్పుడప్పుడూ చిటపటలాడేది. 192 ఫైలు వల్లేనేమో అని ఆయన భయపడ్డారు. దూదిపుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది నాలుగైదుసార్లు తిప్పి తుడిస్తే దూది పచ్చగా వచ్చింది, చిటపట పోయింది. ఆ సాయంత్రం మేం చేసిన పనులన్నిటిలో చెవికి స్పష్టంగా తెలిసిన మార్పు ఇదొక్కటే.

మాస్టారి కంప్యూటరు ముందు

మిగతా పని అయిదు నిమిషాలది. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఆ డాక్ పేరు మీద నొక్కి, ఫార్మాట్ చోట 16 బిట్, 48,000 పెట్టాం. 48, 96, 192 ఒక కుటుంబం. 44.1, 88.2, 176.4 ఇంకో కుటుంబం. ఒకే కుటుంబంలో మార్పిడి సరిభాగాలతో సాగుతుంది. మంచి ప్రోగ్రాము అయితే కుటుంబం దాటినా ఇబ్బంది లేదు. ముఖ్యం ఏమిటంటే, మార్పిడి ఒక్కసారే జరగాలి. ప్లేయరు ఒకసారి, సిస్టమ్ ఒకసారి మార్చకూడదు. ఆ వీణ కచేరీని సాక్స్‌తో వడగట్టి, డిథర్ కలిపి, 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ నకలు తీసి, ఫ్లాక్‌గా దాచాం. ఫ్లాక్ అంటే మడతపెట్టిన వల లాంటిది. జాగా తక్కువ పడుతుంది, విప్పితే ఒక్క కన్ను కూడా పోదు. గిగాబైటు ఫైలు స్థానంలో వంద మెగాబైట్లకి అటూ ఇటూ ఉండే ఫైలొచ్చింది. అసలు ఫైలుని మాత్రం చెరపొద్దని చెప్పాను. నకలు ఎప్పుడైనా తీసుకోవచ్చు, అసలుని తిరిగి తేలేం.

వీణ పూర్తిగా విన్నాక మాస్టారు అన్నమాట: "అయితే నాకు కొత్త డబ్బా అక్కర్నేదన్నమాట." అక్కర్లేదు.

కానీ 24 బిట్ల సంగతి చివర చెబుతానన్నాను. తప్పెటగుళ్ల బృందాన్ని దగ్గరుండి చూసినవాళ్లకి తెలుసు. గుండెల మీద కట్టుకున్న రేకు తప్పెట మీద వేళ్లతో సన్నగా మొదలెట్టి, పదిహేను ఇరవైమంది ఒక్కసారి గజ్జెల కాళ్లతో గాల్లోకెగిరేసరికి శబ్దం ఎక్కడికో వెళ్లిపోతుంది. రికార్డు చేసేవాడికి ఆ ఎగురు ఎప్పుడొస్తుందో ముందుగా తెలియదు. 16 బిట్లలో స్థాయి పెంచి పెడితే ఆ క్షణంలో అల పైభాగం తెగిపోతుంది. తగ్గించి పెడితే మొదటి సన్నని దరువు హోరుకి దగ్గరపడుతుంది. 24 బిట్లలో స్థాయిని బాగా కిందికి పెట్టి నిశ్చింతగా ఉండొచ్చు. ఎక్కువ బిట్లు నిజంగా కావాల్సిన చోటు వినే పెట్టె కాదు, మైకు పక్కనుండే పెట్టె. అక్కడ తెగిన అలని తర్వాత ఎంత ఖరీదైన డాకూ అతికించలేదు.

మన జిల్లాలో జమిడిక మీటుతూ జముకుల కథ చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల వయసు పెరిగిపోతోంది. కొత్త డాక్ కోసం దాచుకున్న డబ్బులుంటే ఒక చిన్న రికార్డరు, ఒక మంచి మైకు కొనండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి, స్థాయి తగ్గించి పెట్టండి, గాలి హోరు పడకుండా మైకుకి నురగ తొడుగు వేయండి. వాళ్ల అనుమతి తీసుకుని, పూర్తి కథ రికార్డు చేసి, రెండు చోట్ల దాచి, ఒక నకలు వాళ్ల ఇంట్లో ఇవ్వండి.